మోయగలిగినంత గాలి: పందెపు కాటమరాన్‌పై తెరచాప ఎంపిక

ఫార్ములా 18 తరగతి కాటమరాన్ పందేలలో పడవలు నీటిలోకి దిగకముందే ఒక తూకం జరుగుతుంది. పడవకు ఇద్దరు నావికులు. ఆ ఇద్దరి బరువునూ తూచి, కలిపి, నిర్వాహకులు నమోదు చేసుకుంటారు. బరువైన జంట ముందు తెరచాపగా 4.15 చదరపు మీటర్ల జిబ్‌ను, గాలివాలున పరుగెత్తేటప్పుడు విప్పే పెద్ద స్పిన్నకర్‌గా 21 చదరపు మీటర్లదాన్ని వాడుతుంది. తేలికైన జంటకు ఆ రెండూ చిన్నవి: జిబ్ 3.45, స్పిన్నకర్ 19. ప్రధాన తెరచాప మాత్రం అందరికీ ఒకటే, 17 చదరపు మీటర్లు.

ఈ తూకాన్ని తొలిసారి చూసినవారికి వింతగా తోస్తుంది. తెరచాప గాలిని పట్టేది కదా, దాని పరిమాణాన్ని నిర్ణయించవలసింది ఆనాటి గాలి కదా, మనుషుల బరువుతో ఏం పని? కాటమరాన్ మీద తెరచాపల ఎంపిక గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది. గాలి ఎంత ఉన్నా పడవ వాడుకోగలిగేది తాను మోయగలిగినంత మాత్రమే. ఆ మోయగల శక్తి తెరచాపలో ఉండదు. పడవ వెడల్పులోనూ, దాని మీద నిలబడ్డ మనుషుల బరువులోనూ ఉంటుంది.

రెండు దోనెల త్రాసు

కాటమరాన్ అంటే సన్నని రెండు దోనెలను అడ్డ దూలాలతో కలిపి, మధ్యలో వల లాంటి గుడ్డను బిగించి కట్టిన పడవ. పేరు తమిళపు ‘కట్టుమరం’ నుంచి వచ్చింది. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరపు పడవల ప్రస్తావనలో ఈ మాట కనిపిస్తుంది. అయితే అసలు కట్టుమరం జంట దోనెల పడవ కాదు. అది దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించినది. ఆంధ్ర తీరపు జాలరులు దాన్నే తెప్ప అంటారు. జంట దోనెల నిర్మాణం పసిఫిక్ దీవుల వారిది. పేరు ఒక సముద్రానిది, రూపం మరో సముద్రానిది. 1876లో అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ కట్టిన ‘అమరిలిస్’ అనే జంట దోనెల పడవ న్యూయార్క్ పందెంలో మామూలు పడవలన్నిటినీ వెనక్కి నెట్టింది; ఆ తర్వాత ఆ జాతి పడవలను పందేలకు రానివ్వలేదు. ఆ వేగానికి కారణం దాని వెడల్పే.

అడుగున బరువైన సీసపు దిమ్మ ఉన్న ఒంటి పడవను గాలి ఒరిగిస్తే, ఒరిగే కొద్దీ ఆ దిమ్మ ఎదురు తిరిగి పడవను నిలబెడుతుంది. పైగా ఒరిగిన తెరచాప మీదుగా కొంత గాలి జారిపోతుంది. అంటే ఒంటి పడవకు తప్పును సహించే గుణం సహజంగా ఉంది. కాటమరాన్‌కు అడుగున దిమ్మ లేదు. అది త్రాసు లాంటిది. గాలి ఒకవైపు నుంచి తోస్తుంటే, గాలిచాటున ఉన్న దోనె నీటిలో దిగి ఇరుసుగా పనిచేస్తుంది. ఆ ఇరుసుకు ఒకవైపున తెరచాప మీద పడే బలం, రెండోవైపున పడవ బరువూ మనుషుల బరువూ. గాలివైపు దోనె నీటి ఉపరితలాన్ని విడిచి వేలెడంత పైకి లేచిన క్షణాన ఈ రెండూ సరితూగుతాయి. పడవ మొత్తం బరువు ఒకే దోనె మీద పడే ఆ క్షణంలోనే దాని నిలబెట్టే శక్తి గరిష్ఠం. అక్కడి నుంచి ఇంకా ఒరిగితే ఆ శక్తి పెరగదు, తగ్గుతుంది. అందుకే కాటమరాన్ తిరగబడితే ఒక్కసారిగా తిరగబడుతుంది.

కొన్ని అంకెలు వేసి చూస్తే విషయం స్పష్టపడుతుంది. ఫార్ములా 18 పడవ పొడవు 5.52 మీటర్లు, వెడల్పు 2.60 మీటర్లు, కనీస బరువు 180 కిలోలు. గాలిచాటు దోనె నడిరేఖను ఇరుసుగా తీసుకుంటే పడవ గరిమనాభి దానికి సుమారు 1.1 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే పడవ తన బరువుతో తాను అందించే భ్రామకం సుమారు 200 కిలోగ్రామ్-మీటర్లు. నావికులు ఇద్దరూ నడుముకు కట్టుకున్న పట్టీని స్తంభం నుంచి వేలాడే తీగకు తగిలించుకుని, గాలివైపు దోనె అంచున పాదాలు ఆనించి, నీటి మీదికి వెల్లకిలా వాలి నిలబడతారు. దీన్ని ట్రెపీజ్ అంటారు. అప్పుడు వారి గరిమనాభి ఇరుసుకు దాదాపు 3.4 మీటర్ల దూరంలో ఉంటుంది. ఇద్దరూ కలిసి 150 కిలోలైతే వారి వాటా 510. మొత్తం 710. ఇద్దరూ కలిసి 120 కిలోలే ఉంటే వారి వాటా 408, మొత్తం 608.

మనుషుల బరువు ఇరవై శాతం తగ్గితే పడవ నిలబడే శక్తి పద్నాలుగు శాతం తగ్గిందన్న మాట. పడవ బరువుకూ మనుషుల బరువుకూ మధ్య తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. 180 కిలోల పడవ అందించే దానికి రెట్టింపు కన్నా ఎక్కువను 150 కిలోల మనుషులు అందిస్తున్నారు, వారు నిలబడే చోటు వల్ల.

ఇక త్రాసు రెండో పళ్ళెం. సుమారు 9 మీటర్ల స్తంభం మీద తెరచాపల బలమంతా ఒక బిందువులో పనిచేస్తున్నదనుకుంటే, ఆ బిందువుకూ నీటిలోకి దించిన పలకల మధ్యభాగానికీ నడుమ ఎత్తు రమారమి 4.8 మీటర్లు. 710ని 4.8తో భాగిస్తే 148. బరువైన జంట తమ పడవ మీద పక్కకు తోసే బలాన్ని 148 కిలోల దాకా ఆపగలదు. ప్రధాన తెరచాపా జిబ్బూ కలిపి 21 చదరపు మీటర్ల పైచిలుకు గుడ్డ ఆ బలాన్ని పుట్టించడానికి పడవకు తగిలే గాలి సుమారు 18 నాట్లు ఉంటే చాలు. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఎదురుగాలిలో పోయే పడవ తన వేగంతో తానే కొంత గాలిని కల్పించుకుంటుంది కనుక, అసలు వీచే గాలి 10, 11 నాట్లు ఉన్నప్పుడే ఆ హద్దు వచ్చేస్తుంది. ఒడ్డున నిలబడ్డవారికి అది హాయిగొలిపే గాలి. పడవ మీద ఉన్నవారికి మాత్రం అక్కడి నుంచి ప్రతి అదనపు నాటూ ఏదో ఒక రూపంలో వదిలించుకోవలసిన బరువు.

గాలి బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక తేలికైన జంటకు ఈ హద్దు ఏడున్నర శాతం ముందుగా, అంటే తగిలే గాలి 16.7 నాట్ల దగ్గరే, వస్తుంది. తేడా ఒక నాట్ చిల్లరే. కానీ 18 నాట్ల దగ్గర బరువైన జంట గాలి బలాన్ని పూర్తిగా వాడుకుంటుంటే, తేలికైన జంట అందులో పద్నాలుగు శాతాన్ని వదిలేయక తప్పదు. పందెంలో అది చిన్న తేడా కాదు.

నియమం చేసే ఎంపిక

తెరచాప పరిమాణాన్ని ఎంచుకోవడం అనే పని నిజానికి మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది నియమావళిలో, రెండోది ఒడ్డున, మూడోది నీటి మీద. ఈ మూడింటినీ విడివిడిగా చూడకపోతే గందరగోళమే మిగులుతుంది.

కాటమరాన్ పందేల తొలినాళ్ళలో తరగతులకు పునాదే తెరచాప వైశాల్యం. అంతర్జాతీయ సమాఖ్య నాలుగు విభాగాలను ఏర్పరచింది: ఏ తరగతికి 150 చదరపు అడుగులు, బీ తరగతికి 235, సీ తరగతికి 300, డీ తరగతికి 500. ఏ తరగతి నేటికీ బతికి ఉంది. ఒక్క మనిషి నడిపే ఆ పడవ పొడవు 5.49 మీటర్లు, వెడల్పు 2.30 మీటర్లు, కనీస బరువు 75 కిలోలు, తెరచాప స్తంభంతో కలిపి 13.94 చదరపు మీటర్లు. పడవా మనిషీ దాదాపు సమాన బరువు. 1976 నుంచి 2008 వరకు ఒలింపిక్స్‌లో ఉన్న టోర్నడో, రాడ్నీ మార్చ్ 1967లో రూపొందించినది, బీ తరగతి నుంచి వచ్చింది.

మనిషి బరువును బట్టి తెరచాపను మార్చే పద్ధతి కాటమరాన్లకే పరిమితం కాదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద ఏటేటా జరిగే పందేలలో కనిపించే లేజర్ పడవలే మంచి ఉదాహరణ. దోనె ఒకటే, దాని మీద 4.7, 5.7, 7.06 చదరపు మీటర్ల తెరచాపలు మూడు. పిల్లలకూ తేలికైనవారికీ చిన్నది, భారీకాయులకు పెద్దది. కానీ అక్కడ మూడు తెరచాపలకు మూడు వేర్వేరు పోటీలు. ఫార్ములా 18లో రెండు తెరచాపలవారూ ఒకే పోటీలో ఒకే గీత దాటుతారు. అందువల్ల ఆ నియమం ఎంత న్యాయమైనదో లెక్క వేసి చూడవలసిందే.

ఎదురుగాలిలో బరువైన జంట తెరచాపలు 21.15 చదరపు మీటర్లు, పడవతో కలిపి బరువు 330 కిలోలు. తేలికైన జంటవి 20.45, బరువు 300. గుడ్డ మూడు శాతమే తగ్గింది, బరువు తొమ్మిది శాతం తగ్గింది. అంటే బరువుకు తగిన తెరచాప తేలికైన జంటకే ఆరు శాతం ఎక్కువ. స్పిన్నకర్ విప్పాక మొత్తాలు 42.15, 39.45, అప్పుడు కూడా తేలికైన జంటకు మూడు శాతం మొగ్గు ఉంటుంది. పిల్లగాలిలో ఈ మొగ్గు పడవను తోసుకుపోతుంది. గాలి హెచ్చితే లెక్క తలకిందులవుతుంది: తూగే బరువు లేని జంటకు గుడ్డ ఎక్కువ ఉండి లాభం లేదు. కనుక చిన్న తెరచాప అనేది తేలికైనవారికి పిల్లగాలిలో విధించే పన్ను, పెనుగాలిలో ఇచ్చే చిన్న ఊరట. ఈ సర్దుబాటు చాలదని, బాగా తేలికైన జట్లు పడవకు దిద్దుబాటు బరువులు కట్టుకోవాలన్న నియమం కూడా ఉంది.

ఇంత లెక్క ఎందుకంటే, నియమం లేకపోతే ఆ పందెం క్రమంగా ఒకే దేహాకృతి వారి సొత్తవుతుంది. గాలి బలంగా ఉండే తీరాలలో ఇద్దరు పొడుగాటి, బరువైన పురుషులే గెలుస్తూ ఉంటారు. స్త్రీపురుషుల జంటలూ యువతీయువకుల జంటలూ ఒడ్డునే ఆగిపోతారు. అర చదరపు మీటరు పైచిలుకు గుడ్డ తేడా వెనక ఎవరు పోటీలో ఉండవచ్చు అన్న ప్రశ్న ఉంది.

ఎత్తా, వెడల్పా?

వైశాల్యం కట్టుబడి అయ్యాక మిగిలేది ఆకారం. అదే వైశాల్యాన్ని పొడవుగా, సన్నగా కోస్తే తెరచాప విమానపు రెక్కలా సమర్థంగా పనిచేస్తుంది. రెక్క కొసల దగ్గర గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనంలోకి చుట్టి పారుతుంది. ఆ సుడి వల్ల కలిగే నిరోధం సన్నని రెక్కకు తక్కువ. పైగా నీటి ఉపరితలానికి దగ్గర గాలి మందంగా, పైకి పోయే కొద్దీ వేగంగా వీస్తుంది; ఎత్తైన తెరచాప ఆ పై గాలిని అందుకుంటుంది. ఇవి రెండూ లాభాలు.

నష్టం త్రాసులో కనిపిస్తుంది. తెరచాప ఎత్తు పెరిగితే బలం పనిచేసే బిందువు పైకి జరుగుతుంది. 4.8 మీటర్ల ఎత్తు 5.3 అయితే, అదే జంట ఆపగలిగే బలం 148 కిలోల నుంచి 134కు పడిపోతుంది. పిల్లగాలిలో ఎత్తైన తెరచాపా, పెనుగాలిలో పొట్టి తెరచాపా నయమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. పోటీలు ఎక్కువగా జరిగే చోట్ల సాధారణంగా వీచే గాలి ఎంత, తమ జంట బరువెంత అన్న రెండు విషయాలు తెలియకుండా ‘ఏ తెరచాప మేలు’ అన్న ప్రశ్నకు అర్థం లేదు.

ఒడ్డున చేసే ఎంపిక

తెరచాపను గాలి ఉబ్బించిన సంచీగా ఊహించుకోవడం వాడుక. పందెపు తెరచాప అలాంటిది కాదు. ముందు అంచు నుంచి వెనక అంచు దాకా అడ్డంగా బద్దలు దూర్చి బిగించిన వంపు తిరిగిన రెక్క అది. మధ్యలో ఎంత లోతు ఉన్నదో దాన్ని తెరచాప పొట్ట అనవచ్చు. పొట్ట లోతైతే బలం ఎక్కువ, నిరోధం కూడా ఎక్కువ. చదునైతే రెండూ తక్కువ. వైశాల్యం మారకుండానే తెరచాప బలాన్ని పెంచడం, తగ్గించడం ఈ పొట్టను మార్చడం వల్ల సాధ్యపడుతుంది. ఆ పొట్టను మార్చే ముఖ్యమైన పనిముట్టు గుడ్డ కాదు, స్తంభం.

తెరచాప ముందు అంచును తిన్నగా కాక కొంచెం ముందుకు ఉబ్బేలా గుండ్రంగా కత్తిరిస్తారు. దాన్ని తిన్నని స్తంభానికి ఎక్కిస్తే ఆ అదనపు గుడ్డ వెనక్కి జరిగి పొట్ట అవుతుంది. స్తంభాన్ని మధ్యలో ముందుకు వంచితే ఆ అదనపు గుడ్డను వంపు మింగేస్తుంది, తెరచాప చదునవుతుంది. అంటే తెరచాప కోతా స్తంభపు వంపూ ఒకదానికొకటి పుట్టిన జోడీ. ఒక పడవ మీద అద్భుతంగా పనిచేసిన తెరచాప, స్తంభం బిగువు వేరుగా ఉన్న మరో పడవ మీద ముడతలు పడి నిస్సత్తువగా వేలాడడానికి కారణం ఇదే.

స్తంభపు వంపును శాసించేవి డైమండ్ తీగలు. స్తంభం నడుమ రెండు వైపులా చిన్న కమ్ములు పొడుచుకు వచ్చి ఉంటాయి. వీటిని స్ప్రెడర్లు అంటారు. స్తంభం పైభాగం నుంచి బయలుదేరిన తీగలు ఈ కమ్ముల కొసల మీదుగా కిందికి దిగి స్తంభం పాదం దగ్గర బిగుస్తాయి. చూడడానికి వజ్రాకారం, పేరు అందుకే. కమ్ములు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి కనుక తీగలను బిగిస్తే స్తంభం మధ్యభాగం ముందుకు వంగుతుంది. కమ్ములను ఇంకా వెనక్కి వాల్చినా, తీగలను ఇంకా బిగించినా ఈ తొలి వంపు పెరుగుతుంది. ఈ కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. వాటిని సరిచేయగలిగేది పడవ ఒడ్డున ఉన్నప్పుడే.

తేలికైన జంట కమ్ములను ఎక్కువ వాల్చి, తీగలను ఎక్కువ బిగించి, చదునైన తెరచాపతో బయలుదేరుతుంది. బరువైన జంట స్తంభాన్ని తిన్నగా ఉంచి, పొట్టను నిలుపుకుంటుంది. ఇద్దరి తెరచాపల మీదా ముద్రించిన వైశాల్యం ఒకటే. గాలికి తెలిసే పరిమాణం మాత్రం వేరు. ఫార్ములా 18లో స్తంభం అల్యూమినియంతోనే ఉండాలని నియమం. ఏ తరగతిలో కార్బన్ స్తంభాలు వాడతారు కనుక అక్కడ నావికుడు తన బరువుకు తగిన బిగువున్న స్తంభాన్నే ఎంచుకుంటాడు.

ఒడ్డున తేల్చుకోవలసిన మరో సంగతి స్తంభపు వాలు. ముందు తీగనూ పక్క తీగలనూ సవరించి స్తంభాన్ని వెనక్కి వాలిస్తే తెరచాపల బలం పనిచేసే చోటు వెనక్కి జరుగుతుంది. పడవ గాలి వైపుకు తిరగాలని చూస్తుంది. చుక్కాని మీద ఆ లాగుడు చేతికి తెలుస్తుంది. కాస్త లాగుడు మంచిదే. అతిగా ఉంటే చుక్కానిని నిత్యం అడ్డంగా పట్టుకోవలసి వచ్చి, అదే పడవకు కళ్ళెమవుతుంది. పెనుగాలిలో వెనక వాలు దోనెల ముక్కులు నీటిలో కూరుకుపోకుండా తోడ్పడుతుంది. అందుకే వాలును తెరచాప కోసం మాత్రమే కాదు, చుక్కాని పట్టిన చేతి కోసం కూడా సరిచూస్తారు.

బద్దల సంగతీ తక్కువది కాదు. బిగువైన బద్ద వంపును చదునుగా ఉంచుతుంది, మెత్తని బద్ద లోతును రానిస్తుంది. బద్దను దాని సంచీలో గట్టిగా అదిమి కట్టితే ఆ మేరకు పొట్ట ఏర్పడుతుంది. పిల్లగాలిలో గట్టిగా అదిమిన బద్దలు పడవ మలుపు తిరిగినప్పుడు రెండోవైపుకు పల్టీ కొట్టక మొరాయిస్తాయి. తెరచాపకు లోతు కావాలన్న కోరికకూ, అది తేలికగా తిరగాలన్న కోరికకూ మధ్య రాజీ అది.

నీటి మీద చేసే ఎంపిక

ఒడ్డున చేసిన సర్దుబాట్లు ఆ పూట గాలి ఇంత ఉంటుందన్న అంచనా మీద ఆధారపడినవి. గాలి ఆ అంచనాకు కట్టుబడి ఉండదు. పందెం మధ్యలో మిగిలేవి తాళ్ళు.

వాటిలో ప్రధానమైనది డౌన్‌హాల్, అంటే తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు. కప్పీల మీదుగా వచ్చే ఈ తాడు మనిషి బలాన్ని ఎనిమిది నుంచి పదహారు రెట్లు చేస్తుంది. దాన్ని లాగితే స్తంభం పైభాగం వంగుతుంది, పొట్ట తగ్గి ముందుకు జరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా తెరచాప పైభాగపు వెనక అంచు తెరుచుకుంటుంది. పై గుడ్డ మెలి తిరిగి గాలిని వదిలేస్తుంది. దీని ఫలితాన్ని త్రాసులో చూడవచ్చు. పైభాగం బలం కోల్పోయినప్పుడు మొత్తం బలం పనిచేసే బిందువు కిందికి దిగుతుంది. 4.8 మీటర్ల ఎత్తు 4.3కి దిగితే, అదే జంట 148 కిలోల బదులు 165 కిలోల బలాన్ని ఆపగలదు. అంటే గాలిని వదిలేయడమంటే శక్తిని పోగొట్టుకోవడమే కాదు. సరైన చోట వదిలేస్తే మిగిలిన చోట ఎక్కువగా పట్టుకోవచ్చు. కొత్త నావికుడు గాలివిసురు రాగానే తెరచాపను మొత్తంగా సడలిస్తాడు. అనుభవజ్ఞుడు ముందే డౌన్‌హాల్ లాగి, పైభాగాన్ని మాత్రం తెరిచి, అడుగుభాగంతో పడవను నడిపిస్తాడు.

కాటమరాన్ స్తంభం తన ఇరుసు మీద తిరుగుతుంది కూడా. దాని అడ్డుకోత గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. తెరచాప వంపులో కలిసిపోయేలా స్తంభాన్ని తిప్పితే గాలి అంతరాయం లేకుండా పారుతుంది. ఎక్కువగా తిప్పితే స్తంభపు మెత్తని పక్క వెనక అంచు వైపుకు వచ్చి, తేలికగా వంగుతుంది. తక్కువ తిప్పితే బిగువు పక్క వచ్చి నిలుస్తుంది. ఒక చిన్న తాడుతో బిగువూ ఆకారమూ రెండూ మారతాయి.

గాలి తీరును బట్టి క్రమం ఇలా ఉంటుంది. పిల్లగాలిలో స్తంభం బాగా తిప్పి, డౌన్‌హాల్ ముడతలు పోయేంత వరకే లాగి, వెనక అంచును కొంచెం తెరిచి ఉంచుతారు. గాలి మరీ సన్నగిల్లినప్పుడు లోతైన పొట్ట మేలు చేయదు. నీరసంగా పారే గాలి ఆ వంపును అంటిపెట్టుకోలేక విడిపోతుంది. నడిగాలిలో, అంటే ఇద్దరూ ట్రెపీజ్ మీదికి వెళ్ళే వరకు, పూర్తి పొట్టతో, బిగువైన వెనక అంచుతో గరిష్ఠ బలాన్ని రాబడతారు. ఆ హద్దు దాటాక డౌన్‌హాల్ మొదలవుతుంది. అది చాలనప్పుడు వెనక దూలం మీద జారే ట్రావెలర్‌ను కిందికి వదులుతారు. తెరచాప దిగువ అంచును చివరిదాకా లాగి చదును చేస్తారు. అన్నీ అయ్యాక మిగిలేది ప్రధాన తాడును పట్టిన చెయ్యి. అది ప్రతి విసురుకూ లాగుతూ వదులుతూ ఉంటుంది.

గాలివాలున పరుగెత్తేటప్పుడు అపాయం పక్క నుంచి కాక ముందు నుంచి వస్తుంది. తొమ్మిది మీటర్ల స్తంభం మీద ముందుకు తోసే బలం అయిదున్నర మీటర్ల దోనెల ముక్కులను నీటిలోకి అదుముతుంది. ముక్కులు మునిగితే పడవ ఆగుతుంది, స్తంభం ఆగదు. పడవ తలకిందులుగా దొర్లుతుంది. అందుకే నావికులు వెనక దూలం దాకా జరుగుతారు. ఇక్కడే ఒక ప్రమాదకరమైన పొరపాటుకు అవకాశం ఉంది. ఈ పడవల స్తంభానికి వెనక నుంచి పట్టే తీగ ఉండదు. స్పిన్నకర్ స్తంభపు పైభాగాన్ని ముందుకు లాగుతున్నప్పుడు దాన్ని వెనక్కి పట్టి ఉంచేది ప్రధాన తెరచాపను బిగించిన తాడే. విసురు వచ్చిందని కంగారుపడి ఆ తాడును వదిలేస్తే స్తంభం విరిగే ప్రమాదం ఉంది. ఎదురుగాలిలో పడవను కాపాడిన అలవాటే గాలివాలున స్తంభాన్ని విరుస్తుంది.

ముడవలేని రెక్క

గుడ్డ తెరచాపను ఎంత సవరించినా అది పూర్తి రెక్క కాదు. తెరచాప వైశాల్యం తప్ప ఇతర కట్టుబాట్లు తక్కువగా ఉన్న సీ తరగతిలో, 1961లో మొదలైన ‘లిటిల్ అమెరికా కప్’ పోటీలలో, గట్టి చట్రం మీద పల్చని పొరను కప్పిన రెక్కలు క్రమంగా గుడ్డను ఓడించాయి. ఆ అనుభవం 1988లో అమెరికా కప్‌కు చేరింది. న్యూజిలాండ్ జట్టు నీటిగీత పొడవు 90 అడుగులున్న భారీ ఒంటి పడవతో సవాలు చేస్తే, శాన్ డియేగో జట్టు 60 అడుగుల కాటమరాన్లు రెండు కట్టింది: ఒకటి గుడ్డ తెరచాపతో, ఒకటి రెక్కతో. రెండింటినీ పోల్చి చూసి రెక్కనే ఎంచుకుంది. సెప్టెంబరులో డెన్నిస్ కానర్ నడిపిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్’ రెండు పందేలనూ సునాయాసంగా గెలిచింది. అసలు పోరు తర్వాత న్యాయస్థానాలలో జరిగి, 1990లో శాన్ డియేగో పక్షాన ముగిసింది.

రెక్కకు ఒక లోపం ఉంది. గాలి పెరిగితే గుడ్డ తెరచాపను దించవచ్చు, పెద్ద పడవల మీద కొంత ముడిచి కట్టవచ్చు. రెక్కను నీటి మీద దించలేరు, ముడవలేరు. 2013 అమెరికా కప్‌కు కట్టిన 72 అడుగుల కాటమరాన్లకు 260 చదరపు మీటర్ల రెక్కలు ఉండేవి. వాటిని ఎక్కించాలన్నా దించాలన్నా క్రేన్ కావాలి. ఆ ఏడాది మే 9న శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో సాధన సమయంలో అలాంటి పడవ ఒకటి తిరగబడి విరిగిపోయింది. ఒలింపిక్ స్వర్ణ విజేత ఆండ్రూ సింప్సన్ ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత పందేలకు అనుమతించే గాలి పరిమితిని తగ్గించారు. తెరచాపను గాలికి తగినట్టు మార్చలేనప్పుడు గాలినే ఎంచుకోవలసి వచ్చింది.

సెయిల్ జీపీ పోటీలలో తిరిగే ఎఫ్ 50 కాటమరాన్లు ఈ సమస్యకు మరో పరిష్కారం చూపాయి. రెక్కను భాగాలుగా కట్టి, ఆనాటి గాలిని బట్టి ఎత్తును మార్చే ఏర్పాటు చేశారు. పిల్లగాలికి 29 మీటర్లు, నడిగాలికి 24, పెనుగాలికి 18. ఏ రెక్క వాడాలో నిర్వాహకులే నిర్ణయిస్తారు, పడవలన్నిటికీ ఒకటే. 2022లో ఈ పోటీలు దుబాయికి వచ్చినప్పుడు గల్ఫ్ తీరం నుంచే వీటిని చూసే వీలు కలిగింది. నీటి అడుగున ఉండే పలకల మీద దోనెలు పూర్తిగా పైకి లేచి ఎగిరే ఈ పడవలలో త్రాసు సూత్రం కూడా కొంత మారింది. గాలివైపు చుక్కాని అడుగునున్న చిన్న రెక్కను కిందికి లాగేలా అమర్చి, మనుషుల బరువు ఇవ్వలేని భ్రామకాన్ని నీటి నుంచి రాబడతారు. వేగం పెరిగే కొద్దీ ఆ లాగుడూ పెరుగుతుంది. మోయగల శక్తి మనిషి దేహం నుంచి యంత్రానికి మారడం అక్కడ మొదలైంది.

తూకపు యంత్రం దగ్గరికి

సముద్రతీరపు క్లబ్బులలో పాత పడవ ఒకటి కొని పందేలకు దిగేవారికి మాత్రం త్రాసు ఇంకా పాతదే. వారు సాధారణంగా చేసే పొరపాటు క్రమాన్ని తలకిందులు చేయడం. వేగం రాలేదని మొదట కొత్త తెరచాప కొంటారు. అది తమ స్తంభపు వంపుకు సరిపోలేదని తెలిశాక డైమండ్ తీగలను ముట్టుకుంటారు. తమ ఇద్దరి బరువును లెక్కలోకి తీసుకునేది అన్నిటికన్నా చివర. సరైన క్రమం దీనికి పూర్తిగా విరుద్ధం. ముందు ఇద్దరి బరువు, పడవ వెడల్పు కలిసి ఎంత భ్రామకాన్ని ఇస్తాయో అంచనా వేసుకోవాలి. ఏ గాలి దగ్గర తమ హద్దు వస్తుందో నీటి మీద గమనించాలి. తోటి పోటీదారుల కన్నా ముందే వస్తుంటే స్తంభానికి తొలి వంపు పెంచాలి; ఆలస్యంగా వస్తుంటే తగ్గించాలి. ఆ వంపుకు తగిన కోత ఉన్న తెరచాపను ఆ తర్వాతనే వెతకాలి.

2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న నాక్రా 17 పడవ మీద ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి పోటీ చేస్తారు. అక్కడ జంట బరువును బట్టి తెరచాప మారదు. అందరికీ ఒకే కొలత. ఆ కొలతకు తగినట్టు తమ బరువును మలచుకోవలసింది నావికులే. ఫార్ములా 18 దీనికి విరుద్ధమైన దారి ఎంచుకుంది. ఉన్న మనుషులను ఉన్నట్టుగా తూచి, తెరచాపను వారికి తగినట్టు మార్చింది. ఆ లెక్క పూర్తిగా సరితూగదని పైన చూసిన అంకెలే చెబుతున్నాయి. అయినా 120 కిలోల జంట ఒకటి 150 కిలోల జంట పక్కనే గీత మీద నిలబడి, ఆ రోజు గాలి తమకు అనుకూలిస్తుందేమోనని ఆశ పెట్టుకోగలగడానికి ఆ రెండు చదరపు మీటర్ల స్పిన్నకర్ తేడా కూడా ఒక కారణం.